వేలిముద్ర సమ్మతి కాదు

మా మస్జిదు వరండాలో జుమా నమాజు తర్వాత విశ్రాంత ఉద్యోగులం కొందరం కూర్చుంటాము. పింఛను దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టడం మా పని. గత సంవత్సరం షాబాన్ నెలలో యాభై ఏళ్ళు దాటిన ఒక సోదరి కాగితాల కట్ట ఒకటి మా ముందు పెట్టింది. "భాయ్‌సాబ్, రేపు దీని మీద వేలిముద్ర వేసి తీసుకురమ్మన్నారు. మందులు ఉచితంగా ఇస్తారట. ఇందులో ఏముందో కాస్త చూడండి" అన్నది.

అది పదహారు పుటల ఆంగ్ల పత్రం. ఒక బోధనాసుపత్రిలో మధుమేహంపై జరగనున్న పరిశోధనలో పాల్గొనడానికి ఆమె సమ్మతి తెలుపుతున్నట్లు అందులో ఉన్నది. ఆమెకు ఆంగ్లం రాదు, తెలుగు చదవలేదు, ఉర్దూ అక్షరాలూ రావు. అది పరిశోధన అన్న సంగతే ఆమెకు తెలియదు. ఉద్యోగ జీవితమంతా కాగితాల మధ్యనే గడిపిన మా కళ్ళు అలవాటు కొద్దీ చివరి పుటకు వెళ్ళాయి. నామినీ పేరు వ్రాయవలసిన గడి ఖాళీగా ఉన్నది. సాక్షి సంతకం మాత్రం అప్పటికే ఉన్నది! ఆమె వేలిముద్ర వేయలేదు, ఆమెకు ఎవరూ ఏమీ వివరించలేదు. అయినా వివరణ అంతా తన సమక్షంలోనే జరిగిందని ఎవరో సాక్ష్యం చెప్పేశారు.

పత్రం తొమ్మిదవ పుటలో, ఎవరిని ఈ పరిశోధనలో చేర్చుకోరాదో తెలిపే జాబితాలో ఒక వాక్యం ఉన్నది. పరిశోధన కాలంలో రోజుల తరబడి ఉపవాసం ఉండదలచిన వారిని చేర్చుకోరాదని దాని సారాంశం. రంజాన్‌కు అప్పటికి మూడు వారాలు కూడా లేవు. ఆ సోదరి చిన్ననాటి నుంచి రోజాలు విడవని మనిషి. మరునాడు వేలిముద్ర వేసి, మాత్రలు తెచ్చుకొని, సహరీకీ ఇఫ్తార్‌కీ మధ్య పదమూడు పద్నాలుగు గంటలు అన్నపానీయాలు లేకుండా ఉంటే ఏమయ్యేది? రక్తంలో చక్కెర పడిపోయి ఏ మధ్యాహ్నమో వంటింట్లో కూలిపోయి ఉంటే, ఆ పదహారు పుటలు ఎవరిని కాపాడేవి? ఆమెను కాదు. "ఆమెకు అన్నీ వివరించాము, ఇదిగో వేలిముద్ర" అని చూపడానికి ఆసుపత్రికి మాత్రం పనికివచ్చేవి.

ఈ సంగతి వినగానే ఆమె కుమారుడు, చదువుకున్న యువకుడు, "అందుకే చెబుతున్నాను అమ్మీ, వాళ్ళు మన మీద ప్రయోగాలు చేస్తారు, ఆ ఛాయలకే పోవద్దు" అన్నాడు. మన బస్తీల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఆసుపత్రి చేసింది తప్పు. కాని ఆ యువకుడు చెప్పిన పరిష్కారం కూడా తప్పేనని మేము భావిస్తున్నాము. తెలియకుండా చేరడం ఎంత నష్టమో, తెలుసుకోకుండా తిరస్కరించడమూ అంతే నష్టం. మనం అడగవలసింది మూడవది: మనకు అర్థమయ్యే భాషలో సంపూర్ణ సమాచారం. చేరాలో వద్దో ఆ తర్వాత మనమే నిర్ణయించుకుంటాము.

పరిశోధన అంటే ఏమిటి?

ముందుగా క్లినికల్ ట్రయల్ అనే మాటకు అర్థం చెప్పుకుందాము. ఒక మందు గాని, ఒక ఆహార నియమం గాని, ఒక వ్యాయామం గాని నిజంగా మేలు చేస్తుందా లేదా అని మనుషుల మీద పద్ధతి ప్రకారం పరీక్షించి చూడడమే క్లినికల్ ట్రయల్. వందమందికి మందు ఇచ్చి అరవైమందికి నయమైందంటే అది మందు మహిమ అనలేము. మందు లేకుండానే అరవైమందికి నయమయ్యేదేమో! కనుక పాల్గొనేవారిని రెండు బృందాలుగా విభజిస్తారు. ఒక బృందానికి కొత్త చికిత్స, రెండవ బృందానికి పాత చికిత్స ఇస్తారు. కొన్ని సందర్భాల్లో రెండవ బృందానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరు ఏ బృందంలోకి వెళతారన్నది వైద్యుడి ఇష్టం మీద గాని రోగి ఇష్టం మీద గాని ఆధారపడదు. చీటీలు తీసినట్లు అదృష్టానికి వదిలేస్తారు. అలా చేయకపోతే ఆరోగ్యంగా ఉన్నవారంతా ఒక వైపు, బలహీనులంతా మరొక వైపు చేరి ఫలితం తారుమారవుతుంది.

ఇది పాశ్చాత్యుల కుట్ర అనుకునేవారు మన చరిత్రనే ఒకసారి తిరగేయాలి. వెయ్యేళ్ళకు పూర్వం రయ్ నగరానికి చెందిన వైద్యుడు అల్‌రాజీ, మెదడు పొరల వాపు లక్షణాలున్న రోగుల్లో ఒక బృందానికి రక్తం తీయించి, మరొక బృందానికి ఉద్దేశపూర్వకంగా తీయించకుండా ఉంచి తేడా గమనించానని వ్రాసిపెట్టాడు. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం 'అల్‌ఖానూన్'లో మందులను పరీక్షించడానికి నియమాలే ఏర్పరచాడు. జంతువుపై పనిచేసిన మందు మనిషిపై అలాగే పనిచేస్తుందని అనుకోరాదనీ, మనిషి శరీరంపైనే పరీక్షించాలనీ వాటిలో ఒక నియమం. పరీక్షించి తెలుసుకోవడం మనకు పరాయి విద్య కాదు.

ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాము. 2020 వసంతంలో కరోనా వ్యాపించినప్పుడు తబ్లీగీ జమాత్ పేరుతో యావత్ ముస్లిం సముదాయాన్ని దోషిగా నిలబెట్టారు. కూరగాయలు అమ్ముకునే సోదరులను వీధుల్లోకి రానివ్వలేదు. అదే జమాత్‌కు చెందినవారు, కోలుకున్న తర్వాత అనేకమంది ముందుకు వచ్చి తమ ప్లాస్మాను తోటి రోగుల కోసం దానం చేశారు. మనమంతా గర్వించాము. ఆ దాతల నియ్యత్ అల్లాహ్‌కు తెలుసు, వారి పుణ్యానికి లోటు లేదు. కాని ప్లాస్మా నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? భారత వైద్య పరిశోధనా మండలి దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులపై చీటీ పద్ధతిలో పరీక్ష జరిపింది. ప్లాస్మా ఇచ్చినా ఇవ్వకపోయినా వ్యాధి ముదరడంలో గాని మరణాల్లో గాని తేడా లేదని తేలింది. అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన 'రికవరీ' పరీక్షలో, ఎంతో ప్రచారం పొందిన హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాతో ఆసుపత్రిలో చేరినవారికి ఉపయోగపడదని తేలింది. ఎప్పటినుంచో ఉన్న చవక మందు డెక్సామెథాసోన్ మాత్రం వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను మూడింట ఒక వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు అది మేలు చేయలేదు.

మంచి మనసు ఉన్నంత మాత్రాన మందు పనిచేయదు. పరీక్షించాలి. పరీక్షకు మనుషులు కావాలి. ఆ మనుషులు ఇష్టపడి, తెలిసి రావాలి. మా వాదమంతా ఈ చివరి మాట గురించే.

ఖమ్మం నేర్పిన పాఠం

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన 'పాథ్' సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పరిశోధన అది. పది నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న బాలికలు దాదాపు 14 వేల మంది. వారిలో ఎందరో గిరిజన హాస్టళ్ళలో చదివే పిల్లలు. కొందరు బాలికల మరణవార్తలతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయింది.

విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. ఆ టీకా ప్రయోజనం తర్వాతి కాలంలో అనేక దేశాల్లో రుజువైంది. ఇవి దాచకుండా చెప్పవలసిన నిజాలు. కాని అదే విచారణలో మరొక నిజం కూడా బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం సమర్పించిన నివేదిక ప్రకారం, రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వాటిపై వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లి ఎక్కడో పోడు పొలంలో ఉన్నది, తండ్రి కూలికి పోయాడు, వారి బిడ్డ శరీరం గురించి వార్డెన్ సంతకం పెట్టాడు!

"టీకా మంచిదే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. మా సమాధానం: మందు మంచిదైనంత మాత్రాన సమ్మతి లేని లోపం పూడిపోదు. పైగా మంచి టీకాకే చెడ్డపేరు వచ్చింది. అడిగి, వివరించి, తల్లిదండ్రుల చేత ఒప్పించి చేసి ఉంటే, ఈనాడు మన ఆడపిల్లల తల్లులు ఆ టీకా పేరు వినగానే ఉలిక్కిపడవలసిన అవసరం ఉండేది కాదు.

నమ్మకం తెగితే ఎంతదూరం పోతుందో నైజీరియాలోని ముస్లింలు అనుభవించారు. 1996లో కానో నగరంలో మెదడు పొరల వాపు వ్యాధి ప్రబలినప్పుడు ఫైజర్ కంపెనీ తన కొత్త మందును 200 మంది పిల్లలపై పరీక్షించింది. సగం మందికి కొత్త మందు, సగం మందికి పాత మందు ఇచ్చారు. పదకొండు మంది పిల్లలు మరణించారు. కొత్త మందు తీసుకున్నవారిలో ఐదుగురు, పాత మందు తీసుకున్నవారిలో ఆరుగురు. అంటే మరణాలకు కొత్త మందే కారణమని ఈ లెక్కను బట్టి చెప్పలేము. కాని అది పరీక్ష అన్న సంగతే తమకు తెలియదని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆరోపణలను ఒప్పుకోకుండానే కంపెనీ 2009లో కానో రాష్ట్రంతో ఏడున్నర కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నది. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. 2003లో కానో రాష్ట్రం పోలియో చుక్కలనే నిలిపివేసింది. ఆ నిర్ణయం వెనుక అనేక కారణాలుండవచ్చు, కాని 1996 నాటి అనుమానం వాటిలో ఒకటి. పోలియో మళ్ళీ విజృంభించి పొరుగు దేశాలకు పాకింది. కాళ్ళు చచ్చుబడిన ఆ పిల్లలు ఎవరి పిల్లలు? మన మిల్లత్ పిల్లలే. పెద్దలకు చెప్పకుండా చేసిన పాపానికి ఒకసారి, పెద్దలు భయపడి తలుపులు మూసుకున్నందుకు మరొకసారి, రెండుసార్లూ శిక్ష అనుభవించింది పసివాళ్ళే.

మనల్ని వదిలేసిన పరిశోధన

ఇక నాణేనికి రెండవ వైపు. ఆ సోదరి పత్రంలోని తొమ్మిదవ పుట వాక్యాన్ని మళ్ళీ గుర్తుకు తెచ్చుకోండి. ఉపవాసం ఉండేవారిని చేర్చుకోరు. ప్రమాదం తప్పించడానికి పెట్టిన నియమమే, కాదనము. కాని దాని పర్యవసానం ఏమిటి? ఆ మాత్ర రోజా ఉండేవారి శరీరంలో ఎలా పనిచేస్తుందో ఆ పరిశోధన చెప్పదు. రేపు ఆ మాత్ర మార్కెట్లోకి వచ్చాక మన బస్తీలోని వందలాది మంది దానినే వాడుతూ రోజా ఉంటారు. పరీక్షలో మనం లేము, వాడకంలో మాత్రం ఉంటాము.

దీనిని పట్టించుకున్నవారు లేకపోలేదు. 2001 రంజాన్‌ను ఆధారంగా చేసుకొని భారతదేశంతో సహా 13 దేశాల్లో 12,243 మంది మధుమేహ రోగులను ప్రశ్నించి చేసిన 'ఎపిడియార్' అధ్యయనం 2004లో ప్రచురితమైంది. పెద్ద వయసులో వచ్చే రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో 79 శాతం, ఇన్సులిన్‌పైనే బతికే మొదటి రకం వారిలో 43 శాతం కనీసం పదిహేను రోజులు రోజా ఉన్నారు. రెండవ రకం వారిలో, ఆసుపత్రిలో చేరవలసినంతగా చక్కెర పడిపోయే ఘటనలు మామూలు నెలలతో పోలిస్తే రంజాన్‌లో ఏడు రెట్లకు పైగా పెరిగాయి. వ్యాధిగ్రస్తులు రోజాను వాయిదా వేసుకునేందుకు ఖుర్‌ఆన్‌లోనే వెసులుబాటు ఉన్నది. అయినా మనవారు మానరు. ఇది ఇష్టమున్నా లేకున్నా వైద్యులు గుర్తించవలసిన వాస్తవం.

మరొక అధ్యయనం లండన్‌లో జరిగి 2010లో ప్రచురితమైంది. 111 మంది మధుమేహ రోగుల్లో ఒక బృందానికి రంజాన్‌కు ముందే పాఠం చెప్పారు. ఏమి తినాలి, మందు ఎప్పుడు వేసుకోవాలి, చక్కెర ఎప్పుడు పరీక్షించుకోవాలి, రోజా ఎప్పుడు విరమించాలి అన్నదే ఆ పాఠం. రెండవ బృందానికి ఆ పాఠం అందలేదు. పాఠం విన్నవారిలో చక్కెర పడిపోయిన ఘటనలు తొమ్మిది నుంచి ఐదుకు తగ్గాయి. విననివారిలో తొమ్మిది నుంచి ముప్ఫై ఆరుకు పెరిగాయి. ఇక్కడ పాఠకులు ఒక జాగ్రత్త వహించాలి. ఈ రెండు బృందాలను చీటీలు తీసి ఏర్పరచలేదు. శ్రద్ధగలవారే పాఠానికి వచ్చి ఉండవచ్చు. కనుక ఇది గట్టి సూచనే గాని తుది రుజువు కాదు. ఒక అధ్యయనం గురించి విన్నప్పుడు "ఎంతమంది? చీటీ తీశారా? ఎవరితో పోల్చారు?" అని మూడు ప్రశ్నలు అడగడం మన ఇళ్ళలో అలవాటు కావాలి. వాట్సాప్‌లో వచ్చే కలౌంజీ, తేనె వైద్యాల గురించి కూడా ఇవే ప్రశ్నలు అడగాలి.

ఈ అధ్యయనాల నుంచే అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2016లో రంజాన్ మార్గదర్శకాలు వెలువరించి 2021లో సవరించింది. వేలికొన నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజాకు భంగం లేదనీ, చక్కెర 70 కంటే తగ్గినా 300 దాటినా రోజా వెంటనే విరమించాలనీ అందులో ఉన్నది. ఇంత చిన్న మాట మన బస్తీ తల్లుల్లో ఎందరికి చేరింది? ఇరవై ఏళ్ళుగా ఈ జ్ఞానం ఆంగ్ల పత్రికల్లో ఉన్నది. మన ఇళ్ళలో మాత్రం ప్రతి రంజాన్‌లో ఎవరో ఒకరు కళ్ళు తిరిగి పడిపోతూనే ఉన్నారు.

మనవంటి సామాన్యులు పాల్గొంటే ఏమి సాధించవచ్చో ఇరాన్ చూపింది. టెహ్రాన్ వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు గులిస్తాన్ రాష్ట్రపు పల్లెల్లో 50 నుంచి 75 ఏళ్ళ వయసున్న 6,838 మందితో ఒక పరీక్ష జరిపారు. రక్తపోటు, కొలెస్ట్రాల్ మందులు, ఆస్పిరిన్ కలిపిన ఒకే మాత్రను రోజుకొకటి ఒక బృందానికి ఇచ్చారు. రెండవ బృందానికి ఆహారం, వ్యాయామం గురించిన సలహాలు మాత్రమే అందాయి. ఐదేళ్ళలో సలహాలు మాత్రమే పొందినవారిలో 301 మందికి గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపదలు వచ్చాయి. మాత్ర తీసుకున్నవారిలో 202 మందికి వచ్చాయి. 2019లో ఈ ఫలితం వెలువడింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి కలగలుపు మాత్రలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆ పల్లెటూరి ముస్లింలు "మా మీద ప్రయోగమా?" అని పారిపోయి ఉంటే ఈ జ్ఞానం లోకానికి అంది ఉండేది కాదు.

చట్టం మన వైపే ఉన్నది

2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మనం ఊహించినదానికంటే స్పష్టంగా ఉన్నాయి. సమ్మతి పత్రం పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేని వ్యక్తి అయితే వివరణ జరుగుతున్నంతసేపూ నిష్పాక్షిక సాక్షి పక్కనే ఉండాలి. చీటీ పద్ధతిలో ఏ బృందంలో పడే అవకాశం ఎంతో చెప్పాలి. ఉత్తుత్తి మాత్ర ఇస్తే దానివల్ల వైద్య ప్రయోజనం ఉండదని చెప్పాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చుననీ, తప్పుకున్నంత మాత్రాన మామూలు వైద్యానికి లోటు రాదనీ చెప్పాలి. సంతకమైన పత్రం ప్రతి ఒకటి పాల్గొన్నవారి చేతికి ఇవ్వాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. నామినీ గడి ఉన్నది అందుకే. ఆ గడి ఖాళీగా ఉంటే పరిహారం ఎవరికి చేరుతుంది?

విశ్వవిద్యాలయాల పరిశోధనల విషయంలో మరొక ముఖ్యాంశం ఉన్నది. ఇప్పటికే అనుమతి పొందిన మందును, అమ్మకపు అనుమతి కోసం కాకుండా, విద్యా ప్రయోజనం కోసం కొత్త మోతాదులోనో కొత్త వ్యాధికో పరీక్షిస్తే కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి అవసరం లేదు. ఎథిక్స్ కమిటీ ఆమోదిస్తే చాలు. అంటే మనకూ ప్రమాదానికీ మధ్య ఉన్న కాపలాదారు ఆ కమిటీ ఒక్కటే. దానిలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి. కనీసం ఒక మహిళ, వైద్యరంగానికి చెందని ఒక సామాన్య వ్యక్తి ఉండాలి. న్యాయ నిపుణుడు ఒకరు, సామాజిక శాస్త్రవేత్త గాని స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి గాని ధర్మశాస్త్ర పండితుడు గాని ఒకరు ఉండాలి. ధర్మశాస్త్ర పండితుడు! మన ఆలిమ్‌లకు ఆ బల్ల దగ్గర కుర్చీ చట్టమే వేసింది. మనలో ఎవరైనా ఆ కుర్చీ అడిగారా?

భాష సంగతి కూడా చూడండి. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. అయినా ఉర్దూలో సమ్మతి పత్రం అడిగితే మన ముఖం వింతగా చూస్తారు. ఉర్దూలో ఇచ్చినా సరిపోదన్నది కూడా ఒప్పుకోవాలి. ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ బడిలో తెలుగు చదివిన తరం మనది. ఉర్దూ లిపి చదవగలిగినవారు పల్లెల్లో తక్కువ. కనుక పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి, ఇంటి భాషలో చదివి వినిపించాలి.

"ఇవన్నీ చెబితే నిరక్షరాస్యులకు అర్థం కావు, భయపడి పారిపోతారు, మాకు అంత సమయమూ లేదు" అని వైద్యులు అంటారు. ఈ మాటను మేము అంగీకరించము. మరునాడు ఆ సోదరితో మేము ఆసుపత్రికి వెళ్ళాము. యువ వైద్యుడు ఒకరు, పాపం మంచివాడే, ముందు విసుక్కున్నా తర్వాత కూర్చొని తెలుగులో వివరించాడు. చీటీ పద్ధతి గురించి చెప్పడానికి ఆయన తడబడుతుంటే ఆ సోదరే అందుకున్నది: "అంటే చిట్టీల లాటరీ లాంటిదా? ఎవరికి ముందు వస్తుందో మనకు తెలియదు, అంతేనా?" పదిహేనేళ్ళుగా బస్తీలో చిట్టీ నడుపుతున్న మనిషి ఆమె. ఆమెకు అర్థం కాదన్నది ఎవరు? రోజా సంగతి ఆమె స్వయంగా అడిగింది. వైద్యుడు పత్రం తిరగేసి, "అలాగైతే మిమ్మల్ని చేర్చుకోకూడదమ్మా" అన్నాడు. ఆమె చేరలేదు. మొత్తం పట్టిన సమయం నలభై నిమిషాలు. ఒక ప్రాణానికి నలభై నిమిషాలు ఎక్కువా?

ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ దేని గురించో మన పిల్లలకు కూడా తెలుసు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పత్రం వ్రాసుకోవడం గురించి, సాక్షుల గురించి, స్వయంగా చెప్పి వ్రాయించుకోలేనివారి తరఫున న్యాయంగా మాట్లాడవలసిన బాధ్యుల గురించి అది. వంద రూపాయల అప్పుకే అంత జాగ్రత్త చెప్పిన ధర్మం మనది. శరీరం విషయంలో, ముందే సంతకం పెట్టిన సాక్షిని ఎలా ఒప్పుకుంటాము?

మా డిమాండ్లు

ఆసుపత్రులను, విశ్వవిద్యాలయాలను, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము అడుగుతున్నది ఇది.

1. ప్రతి సమ్మతి పత్రానికి ముందు రెండు పుటలకు మించని సారాంశం సరళమైన తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఏమి పరీక్షిస్తున్నారు, ఏమి ప్రమాదం, చేరకపోతే ఏ వైద్యం దొరుకుతుంది, హాని జరిగితే ఎవరికి ఫోను చేయాలి అన్నవి అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

2. పత్రాన్ని ఇంటికి తీసుకువెళ్ళి కుటుంబంతో మాట్లాడుకునేందుకు సమయం ఇవ్వాలి. సాక్షి ఆసుపత్రి ఉద్యోగి కారాదు.

3. రోజా గురించి, క్యాప్సూల్ తొడుగు ఏ జంతు పదార్థంతో చేసినదన్న విషయం గురించి, స్త్రీలను మహిళా సిబ్బంది పరీక్షించే ఏర్పాటు గురించి అడగకముందే చెప్పాలి.

4. మధుమేహం, రక్తపోటు వంటి నిత్యజీవిత వ్యాధులపై జరిగే పరిశోధనల్లో రోజా ఉండేవారిని కేవలం మినహాయించి ఊరుకోకుండా, వారికి సురక్షితమైన పద్ధతిలో ప్రత్యేక పరిశోధనలు చేపట్టాలి.

5. పరీక్ష ముగిశాక ఫలితం ఏమిటో పాల్గొన్నవారికి వారి భాషలో తెలపాలి. ఐరోపా సమాఖ్యలో మందుల పరీక్షల ఫలితాల సారాంశాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా వెలువరించాలన్న నియమం 2022 నుంచి అమలులో ఉన్నది. మన రక్తం తీసుకున్నవారు మనకు ఒక్క కాగితం ఇవ్వలేరా?

6. ఎథిక్స్ కమిటీ సభ్యుల పేర్లు ఆసుపత్రి గోడపై తెలుగులో వ్రాసి ఉంచాలి. సామాన్య సభ్యుల స్థానాల్లో పేద బస్తీలకు చెందినవారిని తీసుకోవాలి.

మన ఇంటి పని

ఇతరులను అడిగి ఊరుకుంటే సరిపోదు. మస్జిదు కమిటీలు పందిళ్ళకు, దీపాలకు వేలు ఖర్చు చేస్తాయి. షాబాన్ నెలలో ఒక్క జుమా రోజున మధుమేహం, రోజాపై ఒక వైద్యునితో అరగంట మాట్లాడించలేవా? మన వైద్య విద్యార్థులు, నర్సింగ్ చదివే మన ఆడపిల్లలు ఒక్కొక్క అధ్యయనాన్ని తీసుకొని, ఈ పత్రికలోనే ఒక్కొక్క పుటలో తెలుగులో వివరించలేరా? ఆలిమ్‌లు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు దగ్గరి బోధనాసుపత్రికి వెళ్ళి ఎథిక్స్ కమిటీలో సభ్యత్వం కోసం దరఖాస్తు పెట్టలేరా? 2009 జూన్ నుంచి దేశంలో క్లినికల్ ట్రయల్‌ను ఆరంభానికి ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. దానిని ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మన యువకులు రోజంతా ఫోనులో గడిపే సమయంలో పది నిమిషాలు వెచ్చిస్తే, తమ ఊరి ఆసుపత్రిలో ఏ పరీక్ష జరుగుతున్నదో ఇంట్లోవారికి చెప్పగలరు.

విశ్రాంత ఉద్యోగులకు మా ప్రత్యేక విన్నపం. మనం జీవితమంతా ఇతరుల కాగితాలు సరిచూశాము. ఏ గడి ఖాళీగా ఉన్నదో, ఏ సంతకం ముందుగా పడిందో మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారానికి ఒక గంట మస్జిదు వరండాలో ఒక బల్ల వేసుకొని కూర్చుందాము. పరిశోధన పత్రం తెచ్చినవారికి చేరమని గాని, వద్దని గాని చెప్పకుండా, చదివి వినిపిద్దాము. అడగవలసిన ప్రశ్నలు వ్రాసి ఇద్దాము. అవసరమైతే తోడు వెళదాము.

ఆ సోదరి ఇప్పుడు అప్పుడప్పుడూ మా బల్ల దగ్గరకు వస్తుంది. మొన్న తన పొరుగింటి ఆమెను వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె చేతిలో మోకాళ్ళ నొప్పులపై మరొక ఆసుపత్రి చేపట్టిన పరిశోధన పత్రం ఉన్నది. ఈసారి అది తెలుగులో ఉన్నది. సాక్షి గడి ఖాళీగానే ఉన్నది. మేము చదివి వినిపించాము. ఆ పొరుగింటి ఆమె అన్నీ విని, నాలుగు ప్రశ్నలు అడిగి, భర్తతో మాట్లాడుకొని, మరుసటి వారం తన ఇష్టంతో ఆ పరిశోధనలో చేరింది. సంతకమైన పత్రం ప్రతి ఆమె బీరువాలో ఉన్నది. నామినీ గడిలో కూతురి పేరు వ్రాయించుకున్నది.